టెక్సాస్ అడల్ట్ ప్రొబేషన్ సర్వీసు: కౌంటర్ దగ్గర ఆఫీసర్, వెనక గదిలో మేనేజర్

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ప్రొబేషన్ మీదున్న, అంటే జైలుకి బదులు షరతుల మీద బయట ఉంటున్న తెలుగువాళ్లు ఒకరినొకరు ముందుగా అడిగే మాట "మీ ఆఫీసర్ ఎలాంటివాడు?" అని. మంచివాడైతే గండం గట్టెక్కినట్టు, చండశాసనుడైతే గ్రహచారం. ఆ లెక్క సగమే సరైంది. ఒక్కో ఆఫీసర్ నెత్తిన ఎన్ని కేసులుండాలి, ఏ తప్పు కోర్టు దాకా వెళ్లాలి, యూరిన్ శాంపిల్ ఏ ల్యాబ్‌కి పోవాలి, వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తానంటే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి అన్నవి వెనక గదిలో కూర్చునే సీనియర్ మేనేజర్ తేలుస్తారు. ప్రొబేషన్ నడిచే రెండేళ్లలో ఆ మనిషి మొహం మీకు ఒక్కసారీ కనపడకపోవచ్చు. ఈ రివ్యూ ఆ కుర్చీ గురించే.

ముందు పేర్లు. టెక్సాస్ చట్టం దీన్ని "కమ్యూనిటీ సూపర్‌విజన్" అంటుంది. ఆఫీసు పూర్తి పేరు కమ్యూనిటీ సూపర్‌విజన్ అండ్ కరెక్షన్స్ డిపార్ట్‌మెంట్. అంత పొడుగు పలకలేక లాయర్లు సీఎస్‌సీడీ అంటారు, మిగతా జనం పాత అలవాటు కొద్దీ అడల్ట్ ప్రొబేషన్ అంటారు. 254 కౌంటీలకు కలిపి ఇలాంటివి 120కి పైగా ఉన్నాయి. చిన్న కౌంటీలు రెండు మూడు కలిసి ఒకటి పెట్టుకుంటాయి. పెరోల్‌తో దీన్ని కలపొద్దు. అది జైలు నుంచి ముందే వదిలినవాళ్లది, రాష్ట్రం నేరుగా నడుపుతుంది.

సీఎస్‌సీడీని పెట్టేది, డైరెక్టర్‌ని నియమించేది అక్కడి క్రిమినల్ కేసులు చూసే జడ్జిలు. నడిచే డబ్బు రాష్ట్ర జైళ్ల శాఖలోని సీజేఏడీ అనే విభాగం ఇచ్చే నిధుల నుంచీ, ప్రొబేషనర్లు నెలనెలా కట్టే ఫీజు నుంచీ వస్తుంది. గదులు, కరెంటు, బల్లలు కౌంటీ సమకూర్చాలి. కాబట్టి మేనేజర్ ముగ్గురికి జవాబు చెప్పుకోవాలి. జడ్జికి తన ఉత్తర్వు అమలు కావాలి, రాష్ట్రానికి నియమాల ప్రకారం ఫైలు కావాలి, కౌంటీకి ఖర్చు తగ్గాలి. ముగ్గురూ ఒకే రోజు మూడు రకాలుగా అడిగితే ఎవరి మాట ముందు నిలబెడతారన్న దాంట్లోనే మేనేజర్ పస తెలుస్తుంది.

పెద్ద కౌంటీలో ఒక మేనేజర్ కింద ఐదుగురు యూనిట్ సూపర్‌వైజర్లు, ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎనిమిది మంది ఆఫీసర్లు, ఒక్కో ఆఫీసర్‌కి 80 కేసులు అనుకోండి. 3,200 మంది బతుకులు ఒక బల్ల మీద. ఏ మేనేజరూ ఇంతమందిని పేరుపేరునా ఎరగడం కుదరదు. కేసులు ఎలా పంచాలి, ఎప్పుడు పైకి చెప్పాలి, ఎవరు సంతకం పెట్టాలి అన్న పద్ధతులతోనే నడిపించాలి.

కేసులు పంచడం నుంచి మొదలుపెడదాం. టెక్సాస్‌లో 2015 ప్రాంతం నుంచి టీఆర్‌ఏఎస్ అనే రిస్క్ అంచనా వాడుతున్నారు, ఒహాయో కోసం తయారైనదాన్ని తమకి తగ్గట్టు మార్చుకున్నారు. పాత నేరాలు, చదువు-ఉద్యోగం-డబ్బు, కుటుంబం, ఉండే వీధి, మత్తు అలవాట్లు, స్నేహితులు, ఆలోచనా తీరు: ఈ ఏడు అంశాల మీద ఇంటర్వ్యూ చేసి మార్కులు వేస్తారు. ఆ మార్కులే మీరు నెలకోసారి రావాలా, మూడు నెలలకోసారి చాలా అన్నది నిర్ణయిస్తాయి. అమెరికా ప్రొబేషన్ ఉద్యోగుల సంఘం ఏపీపీఏ 2006లో సూచించిన కొలత ఇది: గట్టి నిఘా కావాల్సిన కేసులైతే ఆఫీసర్‌కి 20, మధ్యస్థం నుంచి హై రిస్క్ దాకా 50, లో రిస్క్ అయితే 200.

ఇక్కడ పేలవమైన మేనేజర్ చేసే తప్పు చిన్నపిల్లాడి లెక్క లాంటిది. మొత్తం ఫైళ్లని ఆఫీసర్ల సంఖ్యతో భాగించి తలా ఇన్ని అని పంచేస్తారు. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. కానీ గృహహింస కేసులు 60 ఉన్న ఆఫీసర్‌కీ, మొదటిసారి డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన) కేసులు 60 ఉన్న ఆఫీసర్‌కీ పని ఒకటి కాదు. మొదటి ఆఫీసర్ ఊపిరాడక ఫోన్లెత్తడం మానేస్తారు. రెండో ఆఫీసర్‌కి తీరిక మిగిలి, ఏ గొడవా లేని మనిషిని వారం వారం పిలుస్తారు. లో రిస్క్ మనిషిని అతిగా పట్టుకుంటే మేలు జరక్కపోగా చెడే జరుగుతుందని ఈ రంగంలో ఎప్పుడో తేల్చారు. పనివేళల్లో రప్పించి ఉద్యోగానికి ఎసరు పెట్టడం, వెయిటింగ్ హాల్లోనూ గ్రూప్ క్లాసుల్లోనూ హై రిస్క్ వాళ్ల పక్కన కూర్చోబెట్టడం అందులో కొన్ని. తెలిసిన మేనేజర్ డీడబ్ల్యూఐకి, మానసిక అనారోగ్యానికి, గృహహింసకి వేర్వేరు కేస్‌లోడ్లు పెట్టి, బరువుని బట్టి తూకం వేస్తారు.

టీఆర్‌ఏఎస్ మార్కులు లో రిస్క్ అన్నా ఆఫీసర్ తన అనుమానం కొద్దీ మీడియంకి మార్చొచ్చు. దాన్ని ఓవర్‌రైడ్ అంటారు. దానికి సూపర్‌వైజర్ ఆమోదం, రాతలో కారణం ఉండాలి. పదింట ఒకటి కంటే ఎక్కువ ఓవర్‌రైడ్లు, అవీ ఎప్పుడూ పైకే వెళ్తుంటే, అక్కడ ఇంటర్వ్యూలు మొక్కుబడిగా సాగుతున్నాయని మేము అనుకుంటాం.

ఇక ఈ సర్వీసులో అన్నిటికంటే బలహీనమైన చోటు, యూరిన్ టెస్ట్. మన వంటింటికి నేరుగా ముడిపడేదీ ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్పుకుందాం.

చాలా ఆఫీసుల్లో మొదట చేసేది కప్పులోనే ఫలితం చూపించే ఇమ్యునోఅస్సే స్క్రీన్. చవక, ఐదు నిమిషాల పని, కానీ మొరటుది. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్ర వేసుకున్నా కొన్ని కప్పులు యాంఫెటమైన్ గీత దగ్గర పాజిటివ్ అంటాయి. దీనికి విరుగుడు ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసే నిర్ధారణ పరీక్ష. అది ఏ అణువో తేల్చి చెప్తుంది, జలుబు మాత్ర బయటపడిపోతుంది. ల్యాబ్ ఫలితం వచ్చేదాకా ఏ చర్యా తీసుకోకూడదని మేనేజర్ రాతపూర్వకంగా పెట్టిన ఆఫీసుకీ, కప్పు చూసి అప్పటికప్పుడు రిపోర్ట్ రాసేసే ఆఫీసుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

గసగసాల సంగతి వేరు. అక్కడ ల్యాబ్ కూడా ఆదుకోదు. గింజల మీద అంటుకున్న నల్లమందు పాలలోని మార్ఫిన్, కోడీన్ నిజంగానే ఒంట్లోకి వెళ్తాయి, కాబట్టి నిర్ధారణ పరీక్షలో కూడా మార్ఫిన్ ఉందనే వస్తుంది, అది అబద్ధం కాదు. గసాలు నూరి పోసిన కోడికూర ఆదివారం తిని సోమవారం కప్పు పట్టుకోవడం ఆ లెక్కన ప్రమాదమే. ఈ గొడవ వల్లే అమెరికా ఫెడరల్ ఉద్యోగ పరీక్షల్లో ఓపియేట్ కటాఫ్‌ని (ఇంత దాటితేనే పాజిటివ్ అనే హద్దుని) 1998లో మిల్లీలీటరుకి 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచారు. ప్రొబేషన్ ఆఫీసులు ఆ పెంపుని పాటించాలన్న నిర్బంధం లేదు. 300 దగ్గరే ఆగిన టెస్టులు ఇంకా అమ్ముడుపోతున్నాయి. ల్యాబ్‌తో కాంట్రాక్టు రాసుకునేటప్పుడు ఈ ఒక్క అంకె అడిగే మేనేజర్ కింద ఎన్నో తగాదాలు పుట్టకుండానే పోతాయి. ప్రొబేషనర్ వైపు నుంచి మాత్రం సూత్రం సులువు: ఆ రెండేళ్లూ గసగసాలు ముట్టుకోకండి. "తెలియక తిన్నాను" అన్నమాట అక్కడ రోజుకి పదిసార్లు వింటారు.

మద్యం కోసం చేసే ఈటీజీ పరీక్ష కూడా ఇలాంటిదే. తాగినదాన్ని మూడు రోజుల దాకా పట్టగలదు, అంత సున్నితం కాబట్టే మౌత్‌వాష్ లాంటివాటినీ పట్టేస్తుంది. కటాఫ్ 100 దగ్గర పెడితే ఇలాంటివి దొరుకుతాయి, 500 దగ్గర పెడితే చాలావరకు జారిపోయి నిజంగా తాగినవాళ్లు మిగులుతారు. మన ఇళ్లలో అటక మీదో, సూట్‌కేసులోనో ఉండే ద్రాక్షారిష్టం, అశోకారిష్టం సీసాలు తీసి లేబుల్ చదవండి, పులియడం వల్ల దానంతటదే పుట్టిన ఆల్కహాల్ శాతం అక్కడే రాసి ఉంటుంది. హోమియో చుక్కలూ ఆల్కహాల్‌లో కలిపినవే. కారులో ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ (ఊదితే మద్యం లేదని తేలితేనే ఇంజిన్ స్టార్ట్ కానిచ్చే పరికరం) పెట్టించుకున్నవాళ్లకి ఇంకో చిట్కా: మౌత్‌వాష్ వల్ల పరికరం ఫెయిల్ అంటే నోరు నీళ్లతో పుక్కిలించి, 15 నిమిషాలు ఆగి, మళ్లీ ఊదాలి. నోట్లోది పోతుంది, రక్తంలోది పోదు. రెండో రీడింగ్ లాగ్‌లో పడితేనే మొదటిదాన్ని కొట్టిపారేయొచ్చు.

బాగా నీళ్లు తాగి వెళ్తే ఇంకో తలనొప్పి. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్ డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే శాంపిల్‌ని "డైల్యూట్" అంటారు. కొన్ని ఆఫీసులు దాన్ని మోసం కింద రాస్తాయి. సరైన పద్ధతి మర్నాడు పొద్దున్న, తొలి మూత్రంతో మళ్లీ తీసుకోవడం. టెస్ట్ సెంటర్ వేళలు కూడా చూడాలి. ఎనిమిదికి తెరిచి నాలుగుకి మూసే సెంటర్ పెట్టి, రాత్రి షిఫ్టు గోదాము పనివాళ్లు టెస్ట్ తప్పించారని రాస్తే, ఆ తప్పు ఎవరిది?

ఉల్లంఘనల దగ్గరికి వద్దాం. మేనేజర్ సంతకానికి అసలు విలువ ఇక్కడే. కొత్త నేరం చేస్తే దారి వేరు. మిగతావి, అంటే రిపోర్టింగ్‌కి రాకపోవడం, క్లాసు ఎగ్గొట్టడం, ఫీజు బాకీ, టెస్ట్ పాజిటివ్, వీటిని టెక్నికల్ ఉల్లంఘనలంటారు. బాగా నడిచే చోట వీటికి మెట్ల పట్టిక ఒకటి ఉంటుంది: మందలింపు, తర్వాత రాకపోకలు పెంచడం, కౌన్సెలింగ్, సూపర్‌వైజర్ ముందు హాజరు, అప్పటికీ కాకపోతే కోర్టు. ప్రొబేషన్ రద్దు కోరుతూ మోషన్ వేసేది ప్రాసిక్యూటర్. ఆయన చేతికి వెళ్లే రిపోర్ట్ మాత్రం ఇక్కడే తయారవుతుంది. ఆ విచారణలో జ్యూరీ ఉండదు, "సందేహానికి తావులేకుండా" అన్న కొలతా ఉండదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం అని జడ్జికి అనిపిస్తే చాలు. అందుకే ఆ కాగితం మేనేజర్ గది దాటకముందే జల్లెడ పట్టాలి: తేదీలు సరిపోయాయా, పట్టికలోని కింది మెట్లు వాడారా, ల్యాబ్ రిపోర్ట్ జతచేశారా, షరతు ఏమిటో ప్రొబేషనర్‌కి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకున్నారా. అమెరికా కొడుకు దగ్గరికొచ్చి ఏదో కేసులో ఇరుక్కున్న పెద్దాయనకి ఇంగ్లిష్ కాగితం ఇచ్చి, మనవడి చేత తెలుగు చెప్పించి సంతకం పెట్టిస్తే అది అర్థమైనట్టు కాదు. దుబాసీని పెట్టించుకోవాలి.

ఫీజు విషయంలో చట్టం మరీ స్పష్టం. నెలకి 25 నుంచి 60 డాలర్ల మధ్య జడ్జి నిర్ణయిస్తారు, పైన టెస్టులు, క్లాసులు, ఇంటర్‌లాక్ అద్దె అన్నీ వేరు. కట్టే స్థోమత లేనివాణ్ని కట్టలేదన్న ఒక్క కారణంతో జైలుకి పంపకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1983లో బేర్డన్ కేసులో చెప్పింది. టెక్సాస్‌లో అయితే కట్టే శక్తి ఉండీ కట్టలేదని ప్రభుత్వమే రుజువు చేయాలి. ఆఫీసు జీతాల్లో కొంత ఈ ఫీజుల నుంచే వస్తుందన్న సంగతి మర్చిపోకండి. వసూళ్ల పట్టిక గోడకి అతికించి, ఎవరి కేస్‌లోడ్‌లో ఎంత వచ్చిందో ప్రతి శుక్రవారం చదివే మేనేజర్ కింద ఆఫీసర్లు నెమ్మదిగా బిల్ కలెక్టర్లుగా మారిపోతారు.

గడువు తేదీలు మరో గుంట. ప్రొబేషన్ గడువు ముగిసేలోపే మోషన్ దాఖలై, అరెస్టుకి కేపియాస్ అనే వారెంటు జారీ అయితేనే కోర్టుకి ఆ కేసు మీద అధికారం మిగులుతుంది. ఒక్క రోజు దాటినా గుప్పిట్లోంచి జారిపోయినట్టే. రాబోయే 90 రోజుల్లో ముగిసే కేసుల జాబితా ప్రతి సోమవారం తెప్పించుకోవడం దీనికి విరుగుడు. ఆ జాబితా ప్రొబేషనర్లకీ మేలే. డీడబ్ల్యూఐ లాంటి కొన్ని కేసులు మినహా, మూడో వంతు కాలం లేదా రెండేళ్లు, ఏది ముందొస్తే అప్పటికి జడ్జి కాలం తగ్గించే వీలుంది, కానీ ఆఫీసర్ పంపకపోతే ఆ సంగతి జడ్జికి తట్టదు.

ప్రయాణాలు. ఉద్యోగం మారి డల్లాస్ నుంచి న్యూజెర్సీ వెళ్లాల్సినవాళ్లకి ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్ అనే ఒప్పందం ఉంది. ఫెలనీ (పెద్ద నేరాల) కేసులు దీనికిందకి వస్తాయి. మిస్‌డిమీనర్‌లలో (చిన్న నేరాల్లో) ఏడాది లేదా అంతకుమించి పర్యవేక్షణ ఉండి, శారీరక హాని, తుపాకీ, రెండోసారి డీడబ్ల్యూఐ లాంటి కొన్నే వస్తాయి. మొదటి డీడబ్ల్యూఐ మిస్‌డిమీనర్ అయితే కాంపాక్ట్ వర్తించదు, కౌంటీ ఒప్పుకుంటే మెయిల్‌లోనో ఆన్‌లైన్‌లోనో రిపోర్ట్ చేస్తూ బతికేయొచ్చు. ఈ తేడా తెలియని ఆఫీసర్ కాంపాక్ట్ ఫారాలు నింపి వారాలు వృథా చేస్తారు. వర్తించే కేసుల్లో అవతలి రాష్ట్రానికి జవాబివ్వడానికి 45 రోజుల గడువు. ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ అంతకంటే ముందుంటే హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడుకోండి. అనుమతి లేకుండా మకాం మార్చారో, పరారీ కింద రాస్తారు.

ఇండియా ప్రయాణానికి అనుమతి కాగితం వేరు, వీసా వేరు. డీడబ్ల్యూఐ అరెస్ట్ కాగానే హెచ్1బీ వీసా రద్దైందని కాన్సులేట్ నుంచి ఈమెయిల్ రావడం కద్దు. అమెరికాలో ఉన్నంతకాలం స్టేటస్ దానివల్ల పోదు, బయటికి వెళ్తే మాత్రం మళ్లీ స్టాంపింగ్, దానికితోడు వాళ్లు చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్ష. ఇంకో ఉచ్చు: టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి మొదటి డీడబ్ల్యూఐకి, రక్తంలో ఆల్కహాల్ 0.15 లోపు ఉంటే, డిఫర్డ్ అడ్జుడికేషన్ దొరుకుతుంది. నేరం రుజువైనట్టు రాష్ట్రం రాసుకోదు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం తప్పు ఒప్పుకుని షరతులకి తలొగ్గినందుకు దాన్ని కన్విక్షన్‌గానే లెక్కేస్తుంది. ప్రొబేషన్ ఆఫీసర్ "ఇది కన్విక్షన్ కాదు, భయం లేదు" అన్నాడని ఫారంలో "నో" కొట్టినవాళ్లు తర్వాత చిక్కుల్లో పడతారు. ఆఫీసర్ ఇమిగ్రేషన్ సలహా చెప్పకూడదని పై నుంచి గట్టిగా చెప్పే ఆఫీసుకి మా దగ్గర ఒక మార్కు అదనం.

ఇంతకీ మేనేజర్ తన కింద జరిగేది ఎలా పసిగడతారు? ఫైళ్లు చదివి. ఒక్కో ఆఫీసర్‌వి నెలకి ఐదు కేసులు, ఆఫీసర్ ఎంచినవి కాకుండా తామే లాగి చూడాలి. క్రోనో అని పిలిచే కేస్ నోట్లలో మూడు నెలలు వరసగా "క్లయింట్ వచ్చారు, మార్పులేమీ లేవు" అని ఒకే వాక్యం కనిపిస్తే కాపీ-పేస్ట్ అని తెలిసిపోతుంది. అదే మూడు నెలల్లో ఆ మనిషి ఉద్యోగం పోయి ఉంటుంది. ఆఫీసర్ ఎవరైనా మానేసిన రోజున ఆ 80 ఫైళ్లు ఎవరికి వెళ్లాయో కూడా చూడాలి. అప్పగింత లేకుండా పంచితే, పాత ఆఫీసర్ నోటిమాటగా ఇచ్చిన ప్రయాణ అనుమతి కొత్త ఆఫీసర్‌కి ఉల్లంఘనలా కనిపిస్తుంది. అందుకే ఏ అనుమతైనా ఈమెయిల్‌లో తీసుకోండి.

మన దగ్గరి సంగతి ఒక్క ముక్కలో. ఆంధ్ర ప్రాంతానికి 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ చట్టం ఉండేది, తర్వాత దేశమంతటికీ 1958 చట్టం వచ్చింది. సత్ప్రవర్తన బాండు మూడేళ్లు మించకూడదు, పర్యవేక్షణ పెడితే ఏడాదికి తగ్గకూడదు, షరతు తప్పితే కోర్టు మొదటిసారి 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టొచ్చు. నెలనెలా ఫీజు ఊసే ఆ చట్టంలో లేదు. టెక్సాస్ వాళ్లు ఈ ఒక్కటి నేర్చుకుంటే బాగుండు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది రిస్క్ తూకం వేసి కేసులు పంచడం.

మొత్తంగా ఐదుకి మూడు. 2007లో కొత్త జైళ్లు కట్టడం మాని 24.1 కోట్ల డాలర్లు చికిత్సకీ ప్రత్యామ్నాయాలకీ పెట్టిన రాష్ట్రం ఇది. తెలివితేటలకి లోటు లేదు. మార్కులు పోయింది టెస్టింగ్ దగ్గర, ఫీజుల దగ్గర.

ఆఫీసర్‌తో పేచీ వస్తే వరస తప్పొద్దు: ముందు ఆఫీసర్‌కి ఈమెయిల్, వారం ఆగి యూనిట్ సూపర్‌వైజర్‌కి, అక్కడా కదలకపోతే మేనేజర్‌కి. ఒక పేజీ దాటకుండా తేదీలు, జరిగింది, మీరు అడిగేది రాయండి, రసీదులు జతచేయండి, కోపం జతచేయకండి. కాపీ మీ లాయర్‌కి. డీడబ్ల్యూఐ అయితే 12 గంటల ఎడ్యుకేషన్ క్లాసు మొదటి 180 రోజుల్లో ముగించి సర్టిఫికెట్ ఇచ్చిన ఈమెయిల్ దాచుకోండి. క్లాస్ బి మిస్‌డిమీనర్‌కి కమ్యూనిటీ సర్వీసు 100 గంటలు దాటకూడదు, కాగితంలో ఎంతుందో చూసుకోండి. అంతా అయ్యాక డిశ్చార్జ్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకోండి. ఒకటి స్టాంపింగ్‌కి, ఒకటి గ్రీన్‌కార్డ్ ఫైలుకి, మూడోది రికార్డు బయటికి కనపడకుండా నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు కోసం పిటిషన్ వేసే లాయర్‌కి.